అగ్గి చూసిన మూల

రిటైరవడానికి ముందు ఏడాది చలికాలంలో, చింతపల్లి పైనున్న ఓ కాఫీ తోటల ఊరికి నాకు డ్యూటీ వేశారు. యూనివర్సిటీ జియాలజీ విభాగంలో నా పోస్టు సెక్షన్ కట్టర్. అంటే రాళ్లను పలచగా కోసి, నునుపు చేసి పెద్దలకు అందించడం. ఎనిమిదో తరగతిలో చదువు నన్ను వదిలేసింది గానీ, రాళ్లు వదల్లేదు.

మిరియాల పాదు తవ్వుతుంటే గుమ్మడికాయంత ఇనుము దొరికిందనీ, ఊరివాళ్లు దాన్ని అమ్మవారిగా కొలుస్తున్నారనీ మా ప్రొఫెసర్ మేడమ్‌కు తెలిసింది. ఆకాశం నుంచి పడిందని ఆవిడ అనుమానం. ఊరి పెద్ద ఒక మూల మాత్రం, ఒక్కసారి మాత్రం కోసుకోమన్నాడు. రెండోసారి అడగడానికి లేదు.

ఉల్క ఇనుములో నికెల్ కలిసి ఉంటుంది. ఏదో చిన్న గ్రహం కడుపులో, పది లక్షల ఏళ్లకు కొద్ది డిగ్రీల చొప్పున చల్లారేటప్పుడు, రెండు రకాల ఇనుము విడిపోయి పట్టీలుగా అల్లుకుంటుంది. ఆ పట్టీల వెడల్పును బట్టి ఎంత నిదానంగా చల్లారిందో లెక్క కడతారు. మళ్లీ బాగా కాలిస్తే అల్లిక చెదిరిపోతుంది.

మేం జీపు దిగి వెళ్లేసరికి, మేం కోయాల్సిన ఆ మూల కొలిమిలో ఎర్రగా ఉంది.

"ఏటి మావా, ఏటి సేత్తన్నావు?" అని అరిచాను.

కమ్మరి అప్పన్న తిత్తి ఆపకుండానే, "అగ్గి సూపకండా అమ్మోరి మీద రంపం ఎడతారేటి బావూ? మెత్తబడితే మీకే బేగి తెగుద్ది" అన్నాడు.

"అది సల్లారడానికి కోట్ల ఏళ్లు పట్టింది మావా! తియ్యి, తియ్యి!"

"అన్నేళ్లు సల్లారినదానికి సలెయ్యదేటి మరి?" అంటూ పటకారుతో లాగాడు.

వేడి లోపలికి ఎంత పాకి ఉంటుందని మేడమ్ మెల్లగా అడిగారు. కోస్తే గాని తెలియదన్నాను.

చల్లారాక, నీళ్లు పోస్తూ చేతిరంపంతో పొద్దువాలేదాకా కోశాం. అప్పన్న కూడా ఓ చెయ్యి వేశాడు. ఘాట్ రోడ్డు పొడుగునా ఆ ముక్క నా ఒళ్లోనే ఉంది.

ల్యాబులో దాన్ని నిలువునా కోసి, అద్దంలా రుద్ది, స్పిరిట్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్ దూదితో పూశాను. కొలిమి చూసిన చివర పంచదార చల్లినట్టు గరుకుగా, మసగ్గా తేలింది. అక్కడ అల్లిక చెదిరిపోయింది. దూది ఇంకాస్త జరిపాను. ఇంకాస్త. అవతలి చివర చాప అల్లికలా పట్టీలు లేచాయి. కొలతకు సరిపోయాయి, అంతే.

అప్పటి నుంచి ఏ ఇనుప ముక్క నా బల్ల మీదికొచ్చినా, ఎక్కడ దొరికిందని తర్వాత అడిగేవాణ్ని. ముందు అడిగేది, అగ్గి చూసిందా అని.