ఎల్మర్ మామయ్య కడిగిన బ్రష్షు

మా ఎల్మర్ మామయ్యకి కడిగిన వస్తువు కడిగినట్టు కనిపించదు. అందులోనూ ఒకరు వాడి వదిలేసిన షేవింగ్ బ్రష్షయితే మరీను. కొనకుండా ఉండలేడు, కొన్నాక నమ్మలేడు.

ఓహాయో రాష్ట్రంలోని మా ఊళ్లో ఎవరింటి ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్ బల్ల వేసినా మొదట వాలేది ఆయనే. తెచ్చిన బ్రష్షుకి ముందు అంట్ల సబ్బు, తర్వాత వినెగర్ నీళ్లు, ఆపైన స్పిరిట్. దువ్వి, కుచ్చు కిందికి ఉండేలా వేలాడదీస్తాడు. ఆరాక ఎవరు దొరికితే వాళ్ల ముక్కు కింద పెట్టి వాసన చూడమంటాడు. వాసన ఉందంటే మళ్లీ కడుగుతాడు. లేదంటే మొహమాటానికి చెప్పారని మళ్లీ కడుగుతాడు. నోరీన్ అత్తయ్య సలాడ్‌లోకి వినెగర్ కావాలంటే బీరువాలో దాచుకోవాల్సిందే. ఉత్తరాలు తెచ్చే అతను వాళ్ల గుమ్మం ఎక్కడం మానేశాడు.

అదంతా భయం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుర్రపు వెంట్రుకల బ్రష్షులతో గడ్డం గీసుకుని ఆంత్రాక్స్ వచ్చి పోయినవాళ్ల గురించి ఎక్కడో చదివాడు. అలాగని పాత వెంట్రుకలు పీకేసి కొత్త కుచ్చు పెట్టేవాళ్లంటే ఆయనకి మంట. అది హత్య అంటాడు. ప్రాణం ఉన్న బ్రష్షుని కడిగి బతికించుకోవాలి గానీ, వేడినీళ్లలో మరిగించి జిగురు కరిగించే మూర్ఖులకి గడ్డమే మొలవకూడదట.

నేను కాలేజీ మానేసి వాళ్ల మేడ మీద గదిలో పడి ఉన్న రోజుల్లో ఒకసారి రోండా పరుగెత్తుకొచ్చింది. మామయ్య స్నేహితుడు క్లైడ్ కూతురు. క్లైడ్‌కి కేన్సర్ వైద్యం జరుగుతోంది. ఊడిన గడ్డం అప్పుడే మళ్లీ మొలుస్తోంది. ఆదివారం చర్చికి తన బ్రష్షుతో గీసుకునే వెళతానని ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడట. ఆయన లేనప్పుడు ఇల్లు సర్దుతూ ఆ బ్రష్షుని రోండా గరాజ్ సేల్‌లో అమ్మేసింది. కొన్నది ఇంకెవరు?

"నాన్నకి తెలిస్తే ఏమీ అనడు అంకుల్. అదే నా భయం" అంది.

మామయ్య బ్రష్షు తెచ్చి ఆమె చేతిలో పెట్టబోయి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. క్లైడ్ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి లేదనీ, చిన్న క్రిమి కూడా సోకకూడదనీ డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. సేల్ బల్ల మీద దాన్ని ఎంతమంది ముట్టుకున్నారో, ఎవరు తుమ్మారో.

ఇక కడగడం మొదలైంది. అన్నం మధ్యలో లేచి కడిగాడు. నాకు జలుబు చేసినా వాసన చూపించాడు. వినెగర్ కంపు తప్ప ఏమీ లేదన్నాను. ఆ కంపు కింద ఇంకేదో దాక్కుందన్నాడు. శుక్రవారానికి ఆయన వేళ్లు కిస్మిస్ పళ్లలా ముడుచుకుపోయాయి గానీ అనుమానం తగ్గలేదు.

శనివారం పొద్దున గరాజ్‌లోకి వెళ్తే మామయ్య తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. కాగితం మీద పాత వెంట్రుకల కుప్ప. క్లైడ్ బ్రష్షు పిడి ఖాళీగా ఉంది. పక్కన జిగురు, అదే రంగు నైలాను కుచ్చు.

"మామయ్యా, ఇది హత్య కాదూ?"

"హత్యే. పోతే బ్రష్షు పోనీరా, క్లైడ్ పోకూడదు" అన్నాడు తల ఎత్తకుండా. "నోరు విప్పావంటే నిన్నూ వినెగర్‌లో నానబెడతా."

ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన క్లైడ్‌కి ఆదివారం పొద్దున రోండా బ్రష్షు అందించింది. ఆయన నురగ పూసుకుంటుంటే మామయ్యా నేనూ గుమ్మంలో నిలబడి చూశాం. క్లైడ్ నింపాదిగా గీసుకుని, చెంపలు తడుముకుని, ఎప్పటిలాగే ఉంది నా బ్రష్షు అన్నాడు. మామయ్య ఆ మాట వినగానే చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. రోండా కారు తీయడానికి వెళ్లింది.

క్లైడ్ నన్ను దగ్గరికి పిలిచాడు.

"నా బ్రష్షు రోజూ పెదవి మీద ఒక వెంట్రుక రాల్చేదిరా. ఇవాళ ఒక్కటీ రాల్లేదు."

నేను నురగ గిన్నె తీసి తుడవసాగాను.

"నేను కనిపెట్టానని మీ మామయ్యకి మాత్రం చెప్పకు" అన్నాడు బ్రష్షుని చొక్కా లోపల దాచుకుంటూ. "అనుమానం వచ్చిందంటే పట్టుకుపోయి మళ్లీ కడుగుతాడు."