ముడి పక్కన ఆకుపచ్చ గాజు

1946 జూన్‌లో నన్ను బెంగుళూరు కంటోన్మెంటు వైపున్న ఒక పశువుల ఆస్పత్రికి వెటర్నరీ అసిస్టెంటు సర్జనుగా వేశారు. హోదా పేరు ఘనంగానే ఉంటుంది. పని మాత్రం పైఅధికారి చెప్పింది చేయడం, చేసింది రిజిస్టరులో రాయడం. మద్రాసులో చదువుకుని, గోదావరి లంకల్లో గేదెలకు సూదులు వేసి వచ్చినవాణ్ణి. ఇక్కడ తీరా చూస్తే అన్నీ కుక్కలే. యుద్ధం ముగిసి దొరలు ఒక్కొక్కరే ఓడ ఎక్కుతూ, పెంచుకున్న కుక్కల్ని తెలిసినవాళ్ల చేతుల్లో పెట్టి పోతున్న రోజులవి.

అలా బళేపేటలో గాజుల అంగడి నడిపే వెంకటప్ప ఇంటికి ఒక ఆల్సేషన్ ఆడకుక్క చేరింది. దొర పెట్టిన పేరు క్వీనీ. వెంకటప్ప అక్క నంజమ్మ దాన్ని క్వీనమ్మ చేసింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. చిన్నతనంలోనే భర్త పోయి తమ్ముడి పంచన ఉంటోంది. తాతల కాలం నుంచి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు. అందరూ అంగడి పనిలో మునిగి ఉండే ఆ ఇంట్లో పొద్దస్తమానం ఆమె వెంట తిరిగే ప్రాణి ఆ కుక్క ఒక్కటే.

కుక్కకు విరేచనాలు. ఒకటి రెండు రోజులవి కావు, నెలల తరబడి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. నేను పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాను. మలాన్ని గాజుపలక మీద పలచగా పూసి మైక్రోస్కోపులో చూస్తే కొంకిపురుగు గుడ్లు కనబడ్డాయి. మందు పోశాను. పురుగులు పోయాయి గానీ విరేచనాలు పోలేదు. తర్వాత సుద్ద, కాచు కలిపిన మందు ఇచ్చాను. రెండు రోజులు కట్టేది, మూడోరోజు మళ్లీ మామూలే. అప్పుడు నంజమ్మతో ఒకరోజంతా తిండి ఆపమనీ, మర్నాటి నుంచి గంజి పొయ్యమనీ గట్టిగా చెప్పాను. ఆమె శ్రద్ధగా తలూపింది. రెండు వారాలైనా మార్పు లేదు. వీళ్లు చెప్పింది చేసే రకం కాదని తీర్మానించుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనుకునే వయసు నాది.

చివరికి వెంకటప్ప విసిగిపోయాడు. "గాజులు తొడిగించుకునేకి వచ్చే ఆడోళ్లు ముక్కు మూసుకుని ఎనక్కి పోతా ఉండారు సార్. నేనేం చేసేది?" అని అర్జీ పెట్టాడు. ఇలాంటి అర్జీ మీద యజమాని సంతకం, పైఅధికారి ఆమోదం ఉండాలి. ఆపైన క్లోరోఫారం ఇచ్చి ప్రాణం తీయాల్సింది అసిస్టెంటు. రిజిస్టరులో 'డిస్ట్రాయ్డ్' అని ఒక్క మాట రాస్తాం. ఆ గురువారం పొద్దున రెండు సంతకాలూ పడిన కాగితం నా బల్ల మీద ఉంది.

అక్కాతమ్ముళ్లు కుక్కను జట్కాలో తీసుకొచ్చారు. నంజమ్మ ఏడవలేదు. కుక్క మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. నియమం ప్రకారం కేసు వివరాలు చివరిసారి రాసుకోవాలి. తిండి ఆపమన్నాను కదా, ఆపారా అని కాస్త కటువుగానే అడిగాను.

"నిలిపేస్తిని కదప్పా. ఆ దినం నుంచి ఈ దినం దాకా ఒక్క తుంట తిండి పెట్టలే."

రెండు వారాలు తిండి లేకుండా కుక్క ఎలా బతికిందమ్మా అన్నాను.

"యాల బతకదు? ఊట పెడ్తా ఉండా కదా."

నా కలం ఆగిపోయింది. మా వైపు తిండి అంటే కడుపులోకి పోయేదంతా. కన్నడం కలిసిన వాళ్ల తెలుగులో తిండి అంటే పొద్దున తినే ఇడ్లీ, ఉప్పిట్టు లాంటి ఫలహారం. మధ్యాహ్నం, రాత్రి తినే భోజనం ఊట. ఆ మహాతల్లి నా మాట అక్షరాలా పాటించి కుక్కకు పొద్దుటి ఇడ్లీ మాన్పించింది. ఊట నిండుగా పెట్టింది. గంజి పొయ్యమన్నాను కనుక గంజీ పోసింది. నీరసపడిన ప్రాణి కదా అని అందులో సగానికి సగం పాలు, పైన నెయ్యి వేశానని తనే చెప్పింది. ఇద్దరం మాట్లాడింది తెలుగే. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. క్లోరోఫారం సీసా పక్కనే ఉంది.

ఏ రోజు ఎలా ఉండేదో ఏమైనా గుర్తుందా అని అడిగాను. ఆమె సంచిలోంచి ఒక పురికొస తీసి బల్ల మీద పెట్టింది. దాని నిండా చంటిపిల్లల గాజులు, రంగు చెదిరి అమ్ముడుపోనివి.

"నాకు రాసేకి రాదప్పా. పొద్దున్నే ఊడ్చి కడిగేది నేనే కదా. గట్టిగా పోయిన దినం పచ్చ గాజు, నీళ్లగా పోతే ఎర్రది, నెత్తురు పడితే నల్లది. సోమారానికొక ముడి. నాకు ఒక్కపొద్దు కదా, లెక్క తప్పకుండా ఉంటాదని."

పురికొసను వేళ్ల మధ్య నడిపాను. ఎరుపు, ఎరుపు, నలుపు, ఎరుపు. ముడి. ముడి పక్కన ఆకుపచ్చ. మళ్లీ ఎరుపులు, ముడి, ఆకుపచ్చ. ఒకటి రెండు చోట్ల తప్ప చివరిదాకా అంతే. నాలుగు నెలల జబ్బు ఒక్క రోజూ పోకుండా నా చేతిలో ఉంది. చదువురాని మనిషి, ముక్కు మూసుకోకుండా రోజూ వంగి చూసి దీన్ని అల్లింది. మైక్రోస్కోపు ముందు నేను కూర్చున్నది మొత్తం కలిపి గంట ఉండదు.

సోమవారం దాటితే ఎందుకు బాగుంటోందని అడిగాను.

"సామి దయప్పా. ఆ దినం ఇంట్లో పాలు, నెయ్యి అన్నీ గుడికి పోతాయి. నేను రాత్రికి ఉత్త అన్నం తింటా. దానికీ అదే. నేను తినకుంటే అది ముట్టదు."

జబ్బుకు కారణం ఆమె నోటనే వచ్చేసింది. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. దెబ్బతిన్న పేగు కొవ్వును అసలే తట్టుకోదు. కుక్క కడుపుకు నెయ్యి ఇమడదన్న సామెత నేను వందసార్లు విన్నవాణ్ణే. ప్రేమకొద్దీ పెట్టినవే దాన్ని తినేస్తున్నాయి.

పురికొస పట్టుకుని పైఅధికారి గదిలోకి వెళ్లాను. సైన్యంలో గుర్రాలకు వైద్యం చేసి వచ్చిన మనిషి, మితభాషి. ముడులు తడిమి చూసి, ఇంత మంచి కేసుషీటు ఈ ఆస్పత్రిలో చూడలేదంటూ కాగితం మీద మూడు వారాల వాయిదా రాశాడు.

ఈసారి ఊట, తిండి, పాలు, నెయ్యి అని ఒక్కొక్క మాటా విడివిడిగా పలికి చెప్పాను. మొదటిరోజు కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఏమీ వద్దు. రెండోరోజు నుంచి మెత్తగా ఉడికిన అన్నం, కొవ్వు తీసి ఉడికించిన మేకమాంసం కొద్దిగా, రోజుకు నాలుగుసార్లు. కుదుటపడ్డాక కొత్తది ఏదైనా ఒక్కటే కలిపి, అయిదు రోజులు ఆగి చూడాలి. మాంసం ముట్టని మనిషి ముందు ఆ మాట నసుగుతూనే అన్నాను.

"నేను ముట్టి నలభై ఏండ్లాయ. పెరట్లో వేరే పొయ్యి పెట్టి వండుతా. ఆనక నీళ్లు పోసుకుంటే సరిపాయ" అంది.

బియ్యం రేషనులో వచ్చే కాలం. తన వాటా అన్నం కుక్కకు పెట్టి ఆమె రాగి ముద్ద తింటోందని వెంకటప్ప తర్వాత చెప్పాడు. తొమ్మిదో రోజు నల్ల గాజు పడింది. కారణం అతనే. బక్కచిక్కిన దాన్ని చూడలేక, అక్క చూడకుండా చెంబెడు పాలు పోశాడట. దాన్ని చంపమని సంతకం పెట్టినవాడు తల వంచుకుని ఆ మాట ఒప్పుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

వాయిదా ముగిసిన రోజు నంజమ్మ పురికొస తెచ్చింది. చివరి ఎనిమిది గాజులూ ఆకుపచ్చవే. పైఅధికారి అర్జీ మీద అడ్డంగా గీత కొట్టాడు. రిజిస్టరులో 'నయమైంది' అని రాశాను. చికిత్స చేసినవారి పేరు రాసే గడిలో నా పేరే రాయాలి, అది నియమం. రాశాను, కానీ చెయ్యి వెంటనే కదల్లేదు.

ఆ తర్వాత నా సర్వీసంతా ఒక అలవాటు పెట్టుకున్నాను. జబ్బు ఎప్పుడు ముదిరిందో అడిగే ముందు, ఏ రోజు బాగుందో, దాని ముందురోజు ఏం పెట్టారో అడిగేవాణ్ణి. యజమానిని కాక, గిన్నె పెట్టి నేల కడిగేవాళ్లను పిలిపించి అడిగేవాణ్ణి. బెంగుళూరులో ఉన్నన్నాళ్లూ తిండి అన్న మాట మాత్రం మందుచీటీ మీద మళ్లీ రాయలేదు.