నొప్పి లేని భుజం

అప్పలనర్సమ్మ ఎవరి మాటా కొలతగా తీసుకోదు. హిందీ మాట్లాడే ఊళ్ళో, తార్‌బహార్ అనే రైల్వే పేటలో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. పాత జాకెట్టు ప్రకారం కుట్టెయ్యమని ఎవరైనా అంటే, దాన్ని పక్కన పడేసి టేపు తీస్తుంది. ఈ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. పెళ్ళైన కొత్తలో తన జాకెట్టే కుట్లు విప్పి, ముక్కలు నేలమీద పరిచి, ఏది ఎందుకలా కత్తిరించారో చూసి నేర్చుకుంది. ఏదైనా సరిగ్గా కూర్చోకపోతే, విప్పి చూసేదాకా ఇప్పటికీ ఊరుకోదు.

ఈ చలికాలం ఆమెకి సరిగ్గా కూర్చోనిది తన ఒళ్ళే.

ముందు గడ్డం కింద నాలుగు వెంట్రుకలు కనిపించాయి. నలభై ఏడేళ్ళొచ్చాయి కదా అనుకుని దారంతో లాగేసింది. పది రోజులకి పన్నెండయ్యాయి, నల్లగా, మందంగా. తరవాత దవడల మీద పదహారేళ్ళ పిల్లకి వచ్చినట్టు మొటిమలు. ఆ తరవాత గొంతు. బ్యాంకులో పనిచేసే భానుప్రియ ఒకరోజు ఫోను చేసింది.

"నమస్తే అంకుల్, ఆంటీ హై క్యా? నా జాకెట్టు అయిందేమో అడుగుదామని."

"నానే ఆంటీని."

"సారీ ఆంటీ. జుకామ్ హోగయా క్యా?"

"ఆఁ, జలుబే," అని పెట్టేసింది. జలుబు లేదని ఆమెకి తెలుసు.

ఇంకొకటి ఎవరితోనూ చెప్పుకోలేనిది. ఎప్పుడో సద్దుమణిగిందనుకున్న కోరిక మళ్ళీ లేచింది. మిషను తొక్కుతూ తొక్కుతూ మొగుడు గుర్తొచ్చి దారం తెంపుకునేది. ఆ మొగుడేమో ఏడాదిగా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. అమ్మన్న వ్యాగన్ల డిపోలో ఫిట్టరు, యాభై నాలుగేళ్ళవాడు. చెయ్యి వేస్తే, "డ్యూటీలో అలిసిపోయానే," అనేవాడు. కోటా ఊళ్ళో ఎవరైనా ఉన్నారేమోనని ఆమె అనుమానం. అతనికి అక్కడ చుట్టాలున్నారు, ఈమధ్య రెండుసార్లు వెళ్ళొచ్చాడు కూడా.

అనుమానం అక్కడితో ఆగలేదు. చలి ఇంకా మొదలవకముందే, దసరా వెళ్ళాక ఒక పొద్దున అమ్మన్న స్నానం చేసొచ్చి, వెనక గదిలో భుజానికి ఏదో రాసుకుంటూ కనిపించాడు.

"ఏటది?"

"భుజం నొప్పెడతంది. డాక్టరు మందిచ్చినాడు."

"నీకు నువ్వు రాసుకుంటే ఏటందుద్ది? ఇలాగియ్యి." అతని చేతిలోని మందు పాకెట్టు లాక్కుని, అరచేతిలో పిండుకుని, రెండు భుజాలకీ మర్దనా చేసింది. అమ్మన్న ఏదో చెప్పబోయి మానేశాడు. ఆ రోజు నుంచి అది ఆమె పనైపోయింది.

కానీ ఆ మందు ఆమెకి నచ్చలేదు. నొప్పుల మందు ఏదైనా ముక్కుకి ఘాటు తెలుస్తుంది, అరచేతికి వేడి తెలుస్తుంది. ఇది కాస్త స్పిరిట్ వాసన కొట్టి ఆరిపోతుంది. పైగా ఖాళీ పాకెట్టుని అమ్మన్న జేబులో పెట్టుకుని డ్యూటీకి పట్టుకుపోయేవాడు. ఇంట్లో చెత్తబుట్ట ఉండగా చెత్తని డ్యూటీకి మోసుకెళ్ళే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

జనవరిలో అతనికి చొక్కా కుడదామని టేపు తీసింది.

"ఛాతీ కొలవాలి, చేతులెత్తు."

రెండు చేతులూ నిలువుగా లేచాయి. ఆమె కావాలనే ఆలస్యం చేసింది. టేపు సర్దింది, మళ్ళీ సర్దింది. అతని ముఖంలో ఎక్కడా ముడత పడలేదు.

"నొప్పి లేదేటి?"

"ఏ నొప్పి?" అన్నాడు అమ్మన్న. వెంటనే చేతులు దించేశాడు. "ఆఁ... నువ్వు రాస్తన్నావు కదా, తగ్గినాది."

"అచ్ఛా. తగ్గితే మరింక మందేటికి?"

అతను చొక్కా కొలత మాట కూడా ఎత్తకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మందు రాశాక ఆమె ఖాళీ పాకెట్టుని గుప్పిట్లోంచి వదల్లేదు. "ఇచ్చెయ్యే," అని రెండుసార్లు అడిగి, డ్యూటీ వేళకి అతను వెళ్ళిపోయాడు. ఆ పాకెట్టుని పర్సులో వేసుకుని అప్పలనర్సమ్మ లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ముందు గడ్డం చూపించింది. డాక్టరు రక్తం పరీక్ష రాసింది. రెండు రోజులకి వచ్చిన కాగితం చూసి కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఏం మందులు వాడుతున్నారు?" హిందీలో అడిగింది.

"ఏమీ లేవు."

"నిజం చెప్పండి."

"నిజమే చెబుతున్నాను."

డాక్టరు నమ్మలేదు. "ఇంట్లో ఎవరైనా ఒంటికి రాసుకునే మందు వాడుతున్నారా?" అంది. అప్పలనర్సమ్మ పర్సు తెరిచి పాకెట్టు బల్లమీద పెట్టింది.

"ఇది ఎవరు రాస్తున్నారు?"

"నేనే. అరచేత్తో. మూడు నెలలుగా."

అది టెస్టోస్టిరాన్ అనీ, మగవాళ్ళ హార్మోన్ అనీ డాక్టరు చెప్పింది. ఆడవాళ్ళ ఒంట్లోనూ అది కొంచెం ఉంటుందట. అది తగ్గిన మగవాళ్ళకి ఈ జెల్ ఇస్తారు. మొగుడి భుజానికి పోవలసినదాంట్లో కొంత ఆమె అరచేతిలోంచి ఆమె ఒంట్లోకే పోతోంది. వెంట్రుకలు, మొటిమలు, గొంతు, అన్నీ దానివల్లే.

అప్పలనర్సమ్మ గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ అడిగింది. "కోరిక కూడానా?"

"అదీ అవ్వచ్చు."

ఆమెకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. మందు ముట్టుకోవడం మానేస్తే మొటిమలు పోతాయి, వెంట్రుకలు మెల్లగా తగ్గుతాయి అంది డాక్టరు. గొంతు మాత్రం పూర్తిగా వెనక్కి వస్తుందని చెప్పలేనంది.

మధ్యాహ్నం అమ్మన్న భోజనానికి వచ్చేసరికి కంచం పక్కన ఆ పాకెట్టు ఉంది.

"నీ భుజం నొప్పి నా గొంతుకొచ్చినాదయ్యా," అంది.

అతను కూర్చోలేదు. "రెండుసార్లు పొద్దున్నే రక్తం తీసి సూసినారు. రెండుసార్లూ తక్కువే వొచ్చినాది. ఎలాగ సెప్పమంతావు నీకు?"

"నానేమో కోటాలో ఎవత్తో ఉందనుకున్నాను."

"నాకా?" అన్నాడు అమ్మన్న. "ఇంట్లో దానికే దిక్కు లేదు."

నవ్వొచ్చినా ఆపుకుంది. అసలు అడగవలసింది ఇంకా మిగిలే ఉంది. "ఆడోళ్ళకి తగలకూడదని డాక్టరు సెప్పలేదేటి నీకు?"

"సెప్పినాడు. సబ్బుతో కడుక్కోమన్నాడు, మీద చొక్కా ఏసుకోమన్నాడు. నువ్వొచ్చి లాగేసుకున్నావు. ఒద్దంటే ఎందుకో సెప్పాలి. కొంచెమే కదా, ఏటవుద్దిలే అనుకున్నాను."

"నా గెడ్డం సూసినావా?"

అమ్మన్న తల దించుకున్నాడు. "వయసనుకున్నాను."

"సూసినావన్నమాట." ఆ ఒక్క మాటే అని అన్నం వడ్డించింది.

ఆ వారమే అతనితో కలిసి అతని డాక్టరు దగ్గరికి వెళ్ళి అన్నీ తానే అడిగింది. షుగరు, పొట్ట, నిద్ర సరిగ్గా లేకపోవడం, ఇవి కూడా ఆ హార్మోన్‌ని తగ్గిస్తాయనీ, వాటి సంగతి చూడకుండా జెల్ ఒక్కటే రాస్తే చాలదనీ డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి చొక్కా పూర్తి చేసింది, మోచేతుల దాకా చేతులు పెట్టి, గట్టి నూలుబట్టతో.

ఇప్పుడు అమ్మన్న తన మందు తానే రాసుకుంటాడు. వెనక గది తలుపు తెరిచే ఉండాలన్నది ఆమె షరతు. ఆమె గుమ్మంలో నిలబడి, మందు ఆరేదాకా, అతను చేతులు సబ్బుతో కడిగేదాకా చూస్తుంది.

"నెలయింది. ఇంకా నమ్మవేటే?" అన్నాడు ఒక పొద్దున.

"సెయ్యి సూపించు."

చాచాడు. ఆమె ముట్టుకోకుండా వంగి వాసన చూసింది. సబ్బు వాసనే.

"చొక్కా గుండీలు పెట్టుకో," అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అతను పెట్టుకునేదాకా ఆగి, చొక్కా భుజం మీద కుట్టు సరిగ్గా కూర్చుందో లేదో బట్ట మీదుగానే వేలితో తడిమి చూసింది.

"పై గుండీ కూడా," అంది.