ఐదు రంగులు, నాలుగు వేళ్లు

ఒక్క ఆదివారం మధ్యాహ్నం పోయినవి ఇవి. ఎనిమిది యుద్ధాలు. యుద్ధానికి ఐదుగురు చొప్పున నలభై మంది వీరులు. వాళ్లను నిలబెట్టడానికి పోసిన మందు సీసాలు పదకొండు. నెలంతా కూడబెట్టిన బాణాలు, ఒక్కటీ మిగలకుండా. ఇవన్నీ నా భార్య ఫోనులో పోయినవి. ఫోను బయట పోయింది పొయ్యి మీద అడుగంటిన పప్పు ఒక్కటే. దాన్ని చూసుకోవాల్సిన వాణ్ణి నేను. నేనూ ఆ యుద్ధంలోనే ఉండిపోయాను.

ఆట గురించి చెప్పాలి. ఐదు రంగుల రాళ్లు తెర నిండా పేర్చి ఉంటాయి. ఒక రాయిని వేలితో పక్కకు జరిపి, ఒకే రంగువి మూడింటిని వరసలోకి తెస్తే అవి పగిలిపోతాయి. ఆ రంగు వీరుడు ఎదుటి శత్రువును కొడతాడు. పైనుంచి కొత్త రాళ్లు రాలతాయి, ఏ రంగువి రాలతాయో ఎవరికీ తెలియదు. మనం ఒకసారి జరిపాక శత్రువు వంతు. మొదటి నాలుగు కోటలు సులువు. ఐదో కోట దగ్గర ఆట ముఖం మారిపోతుంది.

మాది చిత్తూరు. నేను బెల్లం మండీలో లెక్కలు చూస్తాను. బడిలో చదివింది పదో తరగతి వరకే, తర్వాతి లెక్కలన్నీ నాకు నేనుగా పట్టుకున్నవి. నా భార్య ఇంట్లో మగ్గం పని చేస్తుంది. గుడ్డను చట్రానికి బిగించి, పైన కుడిచేత్తో కొక్కెం సూది గుచ్చుతుంది, కింద ఎడమచేత్తో దారం అందిస్తుంది. పెళ్లి జాకెట్ల మీద ఆమె కుట్టిన నెమళ్లు ఈ జిల్లాలో చాలా పెళ్లిళ్లు చూశాయి. మొన్నటి వానల్లో మిద్దె మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది గానీ వేళ్లు కొయ్యముక్కల్లా ఉన్నాయి. ఆ చేయి మళ్లీ సూది పడుతుందా లేదా అన్నదే మా ఇంట్లో రాత్రింబవళ్లు ఉన్న ప్రశ్న.

తిరుపతి ఆసుపత్రిలో వేళ్లకు కసరత్తు చేయించే ఆమె మెత్తని బంతి ఇచ్చి, రోజూ నొక్కమంది. బంతి రెండో రోజే మంచం కిందికి దొర్లింది. అప్పుడు ఈ ఆట వచ్చింది. జరీ, పూసలు అమ్ముకుంటూ మాకు జాకెట్ల పని ఇచ్చే భాయ్ ఆమె ఫోనులో వేసిపెట్టాడు. ఫోను మాత్రం చేతిలోంచి దిగేది కాదు. కసరత్తు ఆమెను అడిగితే, "ఆడుకోనీప్పా, వేళ్లు కదిలితే సాలు" అంది.

భాయ్ ఐదో కోట దగ్గర ఎప్పుడో చేతులెత్తేసినవాడు.

"అది మోసమన్నా. మనకు ఎర్రవి కావాల్సినప్పుడు ఎర్రవి రానీదు. డబ్బు కట్టినోడికే ఆ కోట."

"నీకు ఓపిక లేదు భాయ్" అంది నా భార్య.

"ఓపిక లేనోడు పూసలమ్ముతాడా అమ్మా?"

ఆటను ఫోనులోకి దింపుకునే చోట ఆడినవాళ్లు రాసిన అభిప్రాయాలు ఉంటాయి. ఒక సాయంత్రం కూర్చుని చదివాను. ఐదో కోట మనుషుల కోసం కట్టింది కాదని ఒకరు. రాళ్లు తెలిసే రాలతాయని, మనం గెలిచేలా ఉంటే ఆట చూసి రంగు మారుస్తుందని ఇంకొకరు. వీళ్లంతా ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లు. వాళ్ల పక్కనే ఐదు నక్షత్రాలిచ్చిన ఒకాయన, ఓడిన ప్రతిసారీ ఆటను తీసేస్తానని, తెల్లారగానే మళ్లీ వేసుకుంటానని రాశాడు. సులువుగా ఉంటే మొదటివారమే మానేసేదాన్నని ఒకావిడ. ఒకే ఆటను చూసి ఇంతమంది ఇన్ని మాటలనడం నాకు వింతగా తోచింది.

నేను లెక్కపెట్టనిది నమ్మను. ఐదు గ్లాసులు వరసగా పెట్టి, ఆమె ఆడుతుంటే పక్కన కూర్చుని, రాలిన రాయికొక చింతగింజ ఆ రంగు గ్లాసులో వేశాను.

"ఏంది మామా, నాకంటే నువ్వే ఎక్కువ ఆడతా ఉండావే" అని నవ్వింది.

వారం తిరిగేసరికి ఐదు గ్లాసుల్లోనూ గింజలు దాదాపు ఒకే ఎత్తుకు వచ్చాయి. ఎరుపు గ్లాసు ఒక వెంట్రుక ఎత్తే ఉంది. ఎవరి చేయీ లేకుండా రాలినవి అంత సమంగా సర్దుకున్నాయి. భాయ్‌ని పిలిచి చూపించాను.

"అట్లయితే నాకు రావాల్సిన ఎర్రవి యాడికి పోయినాయన్నా?"

"వొచ్చినాయి భాయ్. నువ్వు అడగనప్పుడు వొచ్చినాయి."

తర్వాతిసారి తిరుపతి పోయినప్పుడు కసరత్తు ఆమె వేళ్లు వంచి చూసి మొహం ముడిచింది.

"ఆడతా ఉండావా?"

"నాలుగు కోటలు గెలిసినాను మేడం."

"ఏ చేత్తో?"

నా భార్య ఎడమచేతిని కొంగు కిందికి లాక్కుంది. గుడ్డ చాటున, కంటికి కనబడకుండా ఏళ్ల తరబడి దారం అందించిన ఎడమచేయి ఆమెది. రాళ్లు జరపడం దానికొక లెక్క కాదు. రాలిన ప్రతి రాయినీ లెక్కపెట్టిన నేను జరిపే చేయి ఏదో చూడలేదు.

తిరుగు బస్సు పూతలపట్టు దాటాక ఆమె కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"గెలవాలని ఆడినా మామా. కుడిచేత్తో అయితే ఓడిపోతా."

"ఓడిపో మే. ఏమి పోతుంది."

ఏమేమి పోతాయో ఆ ఆదివారం తెలిసింది. ఆమె పెట్టుకున్న నియమం అట్లాంటిది. ఐదు రంగులు, కుడిచేతికి ఐదు వేళ్లు. ఆకుపచ్చ బొటనవేలితోనే జరపాలి. పసుపు చూపుడువేలిది, నీలం నడిమి వేలిది, ఊదా ఉంగరం వేలిది, ఎరుపు చిటికెనవేలిది. ఈ నియమం ఏ వైద్యుడూ చెప్పలేదు, అభిప్రాయాలు రాసిన అంతమందిలో ఎవరికీ తట్టలేదు. నీలం మూడు కలిసే చోటు ఎదురుగా కనిపిస్తుంది, నడిమి వేలు వంగదు, పక్క రాయి జరిగిపోతుంది, శత్రువు కొడతాడు. ఐదుగురూ పడిపోతారు. ఆమె మణికట్టు తడుముకుని మళ్లీ మొదలుపెడుతుంది. సరైన చేతులున్నవాళ్లు మనుషుల కోసం కట్టింది కాదన్న కోట అది.

మొదట బొటనవేలు దారికొచ్చింది, తర్వాత చూపుడువేలు. నడిమి వేలు చాలాకాలం మొండికేసింది. చిటికెనవేలు చివరిదాకా రాలేదు. ఎర్ర రాళ్లు తెర మీద కుప్పపడి ఉంటే వాటిని అట్లాగే వదిలేసి, చుట్టూ తిరిగి, నాలుగు రంగులతోనే దారి చేసుకునేది. ఎర్ర వీరుడు ఏ యుద్ధంలోనూ చేయెత్తలేదు. ఒక ఉదయం మండీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. ఆమె ఉంగరం వేలు వణుకుతూ వంగి, ఒక ఊదా రాయిని పక్కకు తోసింది. తెరంతా ఒకటే పగులు. కోట కూలింది. నేను చెప్పులతోనే ఇంట్లోకి నడిచాను. ఇద్దరమూ తెరను చూడలేదు, ఆ వేలినే చూశాము.

ఆ వారమే చట్రానికి గుడ్డ బిగించింది. సూది మూడు వేళ్ల మధ్య నిలిచింది. మొదటి జాకెట్టు తీసుకోవడానికి వచ్చిన భాయ్ దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆట మీద అభిప్రాయం రాయమని ఆమెను బలవంతపెట్టాడు. ఆమె కుడి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే కొట్టింది: కష్టమైన ఆట, మోసం లేదు. కింద నాలుగు నక్షత్రాలు నొక్కింది.

"గెలిసినావు కదమ్మా. ఐదూ ఇయ్యొచ్చు కదా?"

"సిటికెనవేలు వొంగనీ భాయ్. ఇస్తా."

నెమలి మెడ తిప్పేచోట ఆ వేలు ఇప్పటికీ గుడ్డకు తగులుతుంది. ఆమె చేయి ఎత్తి, ఒక కుట్టు ఆగి, మళ్లీ గుచ్చుతుంది. అభిప్రాయం మార్చలేదు. మేము ఆ ఆటకు ఒక నక్షత్రం బాకీ.