ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకునే బల్ల

మా అమ్మాయి ఆ బల్ల పూర్తి చేసేసిందండీ! పోయిన నెల మా వియ్యంకుడుగారు కాలం చేశారు. చావు కబురు చెబుతూ ఈ సంబరమేమిటని అనుకోకండి. అది ఆయన సగంలో వదిలి వెళ్ళిన పని. ఆయనే ఉంటే నాకంటే ముందు ఊరంతా చాటేవారు.

బహ్రెయిన్‌లో, మీనా సల్మాన్ రేవు దగ్గర ఒక షెడ్డులో ఆయన పాత ఇంగ్లీషు బల్లలు బాగుచేసేవారు. దొరలు కూర్చుని ఉత్తరాలు రాసుకున్న మహాగని బల్లలు. ఎర్రటి చెక్క, పైన తోలు, మేకన్నది లేకుండా వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు కూర్చిన సొరుగు మూలలు. నేనూ ఆ దేశంలోనే, అమ్వాజ్ దీవుల్లో ప్లంబింగ్ పని చేసే రోజుల్లో సెలవు దొరికితే అక్కడికే పోయేవాణ్ణి. బల్లను ముట్టుకునే ముందు ఆయన అరచెయ్యి చొక్కాకు తుడుచుకునేవారు, ప్రతిసారీ.

ఒకసారి అక్కడో బల్లకి నేను ఎడమ సొరుగు తోస్తే కుడిది దానంతటదే బయటికొచ్చింది.

“బావగారూ, ఇది చెడిపోయిందండి. ఒకటి మూస్తే ఇంకోటి తెరుచుకుంటోంది,” అన్నాను.

ఆయన నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడ్డారు. “చెడిపోలేదండి. సందన్నది లేకుండా చేశారు. లోపలి గాలి ఎటు పోతుంది? పక్కదాన్ని తోస్తుంది. మీ కుళాయిలకీ ఆ బిగువుంటే అమ్వాజ్‌లో నీళ్ళు కారేవి కావు.”

ఆ పని అల్లుడికి పట్టలేదు, ఆఫీసు ఉద్యోగం చూసుకున్నాడు. ఆయన కోడలికి, అంటే మా అమ్మాయికి, పట్టింది. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి లక్క పాలిష్ గుడ్డ పట్టుకుంది. మామగారు ఒక్క విసుగు మాట లేకుండా నేర్పారు. వేసవి తేమకి సొరుగులు ఉబ్బి బిగుసుకున్నా చిత్రిక పట్టనిచ్చేవారు కాదు. “తియ్యడం ఎంతసేపమ్మా? తీసింది మళ్ళీ పెట్టలేం,” అనేవారు.

ఆయన పోయేనాటికి, సగంలో ఉన్న ఈ బల్ల సొరుగులు అలాగే బిగుసుకుని ఉన్నాయి. షెడ్డు యజమాని బహ్రెయినీ, మంచివాడే, కానీ తొందరపడ్డాడు. కాస్త చెక్కేస్తే ఖలాస్ అన్నాడు. లేకపోతే బల్లను ఇంకో చోటికి పంపేస్తానన్నాడు. బల్ల పోతే అమ్మాయికి ఆ షెడ్డులో చోటూ పోయినట్టే. నేను భయపడి, చెక్కెయ్యమ్మా అన్నాను.

“ఆగుదాం నాన్నా. మామయ్యగారైతే ఆగేవారు,” అంది.

ఆగింది. తేమ లేని గదిలో పెట్టి, సొరుగు నడిచే పట్టీలకు మైనం రుద్దుతూ కాచుకుంది. నిన్న నన్ను షెడ్డుకి పిలిచి తొయ్యమంది. ఎడమది తోశాను. కుడిది వచ్చింది! యజమాని తనూ తోసి చూసి, షెడ్డు తాళంచెవి అమ్మాయి చేతిలో పెట్టాడు. నా తల్లి బంగారం.

ఇంక అందరికీ చెప్పాలి. తణుకులో మా అక్కకి, మా పెద్దాడికి, తోడల్లుడికి, అమ్మాయి ఆడపడుచుకి, ఈ సంబంధం కుదిర్చిన మా బావమరిదికి. ఊళ్ళో ఉన్న వియ్యపురాలికి మాత్రం నోటితో చెప్పను. ఫోనులో బల్ల చూపించి ఎడమ సొరుగు తోస్తాను. ఎవరి చెయ్యీ తగలకుండా, కుడిది మెల్లగా బయటికి వస్తుంది.