సమ్మక్కను అడగలేదు

2022 వేసవి. ఖమ్మంలో మెడ, గొంతు ఆపరేషన్లు చేసే సర్జన్‌గా నాకు అప్పటికే పద్దెనిమిదేళ్ల అనుభవం, దానికి తగ్గ పొగరూ ఉన్నాయి. బూర్గంపాడు దాటాక ఉన్న ఒక అడవి పల్లె నుంచి ముత్తయ్య తన అక్క సమ్మక్కను తీసుకొచ్చాడు. ఆమె మెడకు కుడిపక్క నిమ్మకాయంత గడ్డ. ఊళ్లో ఆరెంపీ సూది గుచ్చి చూస్తానంటే ఆమె గుచ్చనివ్వలేదట.

"లోపల గుండెలెక్క కొట్టుకుంటాంది సారూ, అందుకే భయపడ్డది" అన్నాడు ముత్తయ్య.

ఆ భయమే ఆమెను కాపాడింది. అది కెరోటిడ్ బాడీ ట్యూమర్. మెదడుకు రక్తం మోసే ధమని మెడలో రెండుగా చీలే చోట పుట్టే కణితి, నిండా రక్తనాళాలే. తీసేటప్పుడు ధమని చిరిగితే ప్రాణానికి ముప్పు. పక్కనే ఉన్న వేగస్ నరం తెగితే గొంతు పోతుంది. ఇదంతా ముత్తయ్యకు బొమ్మ గీసి చెప్పాను. సమ్మక్క స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"ఆమెకూ చెప్పాలి కదా?"

"అక్కకు తెలుగు సరిగ రాదు సార్, కోయ భాషల నేను చెప్తా. మీరు కానియ్యండి, పానం దక్కితే సాలు."

అతను సంతకం చేశాడు, ఆమె వేలిముద్ర వేసింది. బయట ఓపీ కిటకిటలాడుతోంది. నేను ఇంకేమీ అడగలేదు.

ఆపరేషన్‌కు ఐదు గంటలు పట్టింది. ధమని దక్కింది. నరం మాత్రం కణితిలో కలిసిపోయింది, తెంచక తప్పలేదు. గండం గడిచిందని ముత్తయ్యతో చెప్పినప్పుడు నిజానికి నాకు గర్వంగానే ఉంది.

మూడోరోజు రౌండ్స్‌లో సమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. గొంతులో గాలి తప్ప శబ్దం లేదు. వంగి విన్నాను. తెలుగే.

"బీడీల తునికాకు తెంప పోయినప్పుడు అడివిల ఒకల్లకొకల్లం కూతేసుకుంటం సార్. కూత ఇనపడకపోతే ఎలుగ్గొడ్డు పడ్డదని ఎతుకుతరు. ఇగ నన్నెవలు తోలుకపోతరు?" ఊపిరి తీసుకుంది. "గొంతు పోతదని నాకెవలు చెప్పలె. నన్నెందుకు అడగలె?"

"చెప్తే ఒప్పుకోదని చెప్పలె సార్" అన్నాడు ముత్తయ్య తల దించుకుని. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు తెలుగు రాదంటే నమ్మేసింది నేనే. నమ్మితే పని తొందరగా తెములుతుంది కాబట్టి నమ్మాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత స్వరపేటికకు చిన్న ఆపరేషన్ చేశాం. ఇంట్లో మాట్లాడుకునేంత గొంతు వచ్చింది, అడవిలో వినిపించేంత రాలేదు. ఆ తర్వాతి వేసవి నుంచి ఆమె తునికాకుకు పోవడం మానేసింది.

ఇప్పుడు సంతకానికి ముందు వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెడతాను. "మీ గొంతుతో మీకేం పని?" అని పేషెంటునే అడుగుతాను. భాష కుదరకపోతే తెలిసిన నర్సును పిలుస్తాను. సమ్మక్కను అడిగి ఉంటే ఆపరేషన్ వద్దనేదో, సరేననేదో నాకు తెలియదు. ఎన్నటికీ తెలియదు.