కరాచీకి పోయే మేకపోతు

ముందు నీళ్ల చప్పుడు వినిపించేది. గోడ అవతల, ఇంకా తెల్లారని వేళ, ఎవరో చెంబుతో ఎత్తి పోస్తున్న నీళ్లు. వెంటనే తడిసిన చెవులు టపటప కొట్టుకునేవి. మెడలో గజ్జె గలగలమనేది. మేక ఒళ్లు విదిలించుకుంటున్నదన్నమాట. పది రోజులు పోయాక ఆ రెండో చప్పుడు పలచబడింది. నెల తిరిగేసరికి నీళ్లు పడేవి, తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. మేకకు రోజూ స్నానం చేయించేవాళ్లను నేనెక్కడా చూడలేదు.

అది 1955 వేసవి. హుజూర్‌నగర్‌కు ఐదారు మైళ్లలో ఉన్న ఆ ఊళ్లో నేను బడిపంతులును. గోడ అవతల మనిషి ఇక్బాల్ బీ, నలభై ఏళ్లు దాటినది. ఊరి ఆడవాళ్ల పాత చీరలన్నీ ఆమె చేతుల్లో బొంతలయ్యేవి. ఎవరేమడిగినా సూది ఆపేది కాదు. జవాబు కుట్టులోనే ఎక్కడో పడిపోయేది.

ఆమె భర్త అహ్మద్ అలీ పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఊరు విడిచాడు. ఐదేళ్లు జాడ లేదు. ఆ ఏడు మాఘంలో కరాచీ నుంచి ఉత్తరం వచ్చింది. నాకు ఉర్దూ వచ్చు గనుక ఇక్బాల్ బీ నా దగ్గరికే తెచ్చింది. ఓడరేవులో పని దొరికింది, ఉన్నదేదో సర్దుకుని వచ్చెయ్యి అని నాలుగే వాక్యాలు. మూడుసార్లు చదివించుకుంది. చేతిరాత ఆయనదేనా అని నాలుగోసారి అడిగింది.

పాస్‌పోర్టు కాగితాలు నేనే రాసి పెట్టాను. అవి వచ్చాక ఇంకొక దరఖాస్తు ఉందంది. చాంద్‌ను కూడా ఓడ ఎక్కించాలట. దానికి రోగం రొష్టు లేదని నల్గొండ పశువుల దవాఖాన వాళ్లు రాసివ్వాలట.

చాంద్ ఆమె మేకపోతు. ఒళ్లంతా చీకటి, నుదుటి మీద మాత్రం గోరంత వెన్నెల. పుట్టిన రోజే తల్లి చస్తే గుడ్డ వత్తితో పాలు తాగించి సాకింది. ఓడ మీద మేకపోతు ఎందుకని అడిగితే మొదటిసారి సూది ఆపింది.

"ఆయన ఇంట్ల ఇప్పుడు ఎవరున్నరో ఏమో పంతులూ. నన్ను ఎరిగినోడు ఒకడన్న ఎంట ఉండాలె గద."

ఆ మాట నన్ను కదిలించింది. కాని చాంద్ ఎడమ చెవికి గాటు ఉంది. పీరుకు మొక్కిన జీవానికి మా వైపు అలాంటి గాటే పెడతారు. గుట్ట మీది దర్గాకు ఏ మతం వాళ్లయినా మొక్కుతారు. కోరిక తీరితే ఆ మేకను కోసి కందూరు చెయ్యాలి, అంటే ఊరందరికీ వండి పెట్టాలి. ఏం మొక్కిందీ పైకి చెబితే మొక్కు చెడిపోతుందంటారు. ఇక్బాల్ బీ చెప్పకపోయినా ఊరికి తెలిసినట్టే ఉంది. తప్పిపోయిన మొగుడు దొరికాడు. మరి మేక దర్గాకు పోకుండా దేశం దాటుతున్నదేమిటి?

ఆ చెవి ముళ్లకంచెకు చీలిందని ఆమె చెప్పింది. నేను దగ్గరికి వెళ్లి చూశాను. ముల్లు అంత తిన్నగా కోయదు. దరఖాస్తులో 'జీవం ఎవరిది' అన్న గడి దగ్గర నా కలం ఆగింది. పెద్దమనుషులు సరేనంటే రాస్తానన్నాను.

మాట ఊరంతా పాకింది. పొరుగు రైతు గాలయ్య నా అరుగు మీద కూర్చుని, మేకకు ఫోటో దింపిండ్రా, గడ్డం గీకి దింపిండ్రా అని ఆరా తీశాడు. నవ్వుతూనే మబ్బు లేని ఆకాశం వైపు చూశాడు. పీరును మోసం చేసిన ఊరికి వాన రాదని అతని అనుమానం. ఎవరూ ఆమెను తిట్టలేదు. బొంతలు కుట్టమని ఇవ్వడం మాత్రం మానేశారు.

చివరికి దర్గాను చూసుకునే ముజావర్ నూరుద్దీన్, అక్కడ ఎప్పటి నుంచో ఆనవాయితీగా ఉన్న తీర్పు దారే చెప్పాడు. శుక్రవారం నమాజు తర్వాత మేక మీద నీళ్లు చల్లుతారు. ఒళ్లు విదిలిస్తే పీరు అడిగినట్టు, మూడు మార్లు చల్లినా విదిలించకపోతే అక్కర్లేదన్నట్టు. ఇక్బాల్ బీ వెంటనే ఒప్పుకుంది. అంత తొందరగా ఒప్పుకోవడంతో, తెల్లారగట్ల ఆ చెవుల చప్పుడు ఎందుకాగిందో నాకు అర్థమైంది.

గుట్ట మెట్ల కింద, నిప్పులాంటి ఎండలో చాంద్‌ను నిలబెట్టారు. మొదటి చెంబు వీపు మీద జారి రాళ్ల మీద ఆవిరైంది. చాంద్ కదలలేదు. రెండో చెంబుకు నాలుక చాపి చుక్కలు నాకింది.

"మేకనా ఇది, రాతిగుండా?" అన్నాడు గాలయ్య. ఎవరూ నవ్వలేదు.

మూడోసారి నూరుద్దీన్ కుండ మొత్తం తల మీద వంచాడు. చాంద్ కళ్లు మూసుకుంది, తన ఇంటి వాకిట్లో ఉన్నట్టే. చెవుల చివర్ల నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా రాలాయి. జనమంతా ఆ చుక్కలనే చూస్తున్నారు. చెవులు మాత్రం ఆడలేదు.

నూరుద్దీన్ ఖాళీ కుండ దించి నా వైపు తిరిగాడు.

"పంతులూ, నువ్వు గోడ పక్కోడివి. ఇందుల ఏమన్న మతలబు ఉన్నదా?"

అన్ని ముఖాలూ నా మీదికి తిరిగాయి. ఆమె ముఖం మాత్రం చాంద్ మెడలో దాగి ఉంది. తడిసిన బొచ్చును వేళ్లతో దువ్వుతోంది.

"నాకు తెల్వది," అన్నాను.

నూరుద్దీన్ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అయినా మేక ఆమెదేనన్నాడు. ఆ సాయంత్రమే గడి నింపాను.

వారం రోజులకు ఆమె నల్గొండ బస్సెక్కింది. చాంద్‌ను వెనక సీటు కాళ్ల దగ్గర కట్టేందుకు కండక్టరు ఎలాగో ఒప్పుకున్నాడు. సాగనంపడానికి నేనొక్కడినే వచ్చాను. కిటికీ దగ్గరికి వెళ్లి, నిజంగా మొక్కావా లేదా అని మెల్లగా అడిగాను.

ఆమె బురఖా ముసుగు పైకెత్తి నన్ను సూటిగా చూసింది.

"మొక్కిన పంతులూ. గాటు నేనే పెట్టిన. ఇగ చెప్పినా చెడేదేం లేదు. ఆయనను మల్ల ఈ ఊరికి తోలమని అడిగిన. పీరు తోలకపాయె, నన్నే అటు తోలుతుండు. ఇప్పుడు చాంద్ ఎవరిదో నువ్వే చెప్పు."